ముక్కను నిలబెట్టు

ఈ ఉదయం తొందరలో పాలు లేని వేడి వేడి సులేమానీ చాయ్ గుటకేసి అంగిలి కాల్చుకున్నాను. మధ్యాహ్నానికి అక్కడ పలుచని పొర ఒకటి లేచింది. నాలుకతో నెడితే తడిసిన కాగితంలా జరిగి, చివరికి ఊడి నోట్లోకి వచ్చింది. దాని కింద పచ్చిగా, నున్నగా ఉంది. ముందు పళ్ళ వెనక ఉండే గట్ల వరస మాత్రం ఎప్పటిలాగే గరుకుగా తగులుతోంది. నాలుక ఊరుకుంటుందా, వద్దన్న చోటికే పదే పదే పోతోంది. పొర ఊడినప్పుడు మామూలు మనుషులు తిట్టుకుని చల్లటి నీళ్ళు తాగుతారు. నేను మాత్రం కణాలు ఎన్ని వరసలు పోయి ఉంటాయి, అడుగు వరస మిగిలిందా లేదా అని లెక్కలు వేసుకుంటాను. ఈ పిచ్చి నాకు అంటించింది ఖాజాబీ ఆపా. ఆమె గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ, ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తూ వచ్చాను.

ఖాజాబీ ఆపాది కడప. నేను షార్జా వచ్చేనాటికే ఆమె అక్కడికి వచ్చి పదేళ్ళు దాటింది. రోలాలో బట్టల దుకాణాలకు పైన, రెండో అంతస్తులో మా లాబ్ ఉండేది. రక్తం, మూత్రం చూసేవాళ్ళు ముందు గదిలో. శరీరం నుంచి కోసి తీసిన ముక్కలను చూసేది వెనక గదిలో. ఆ వెనక గదికి ఆపాయే సీనియర్ టెక్నీషియన్, ఆపాయే మహారాణి. యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా ఉండేది, తెల్లకోటు చేతులు మోచేతి దాకా మడిచి, కళ్ళజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. కోటు జేబులో చిన్న రేకు డబ్బీ, అందులో వక్కపలుకులు. పని మొదలుపెట్టే ముందు ఒక పలుకు ఎడమ బుగ్గలోకి తోసేది. ఇక మధ్యాహ్నం దాకా అది అక్కడే నానుతూ ఉండేది. అక్కడ అందరూ ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవారు, మలయాళీ నర్సులతో సహా. మాది ఒంగోలు. ఇంటి పేరు చెప్పుకుని పరిచయం చేసుకోబోతే, "అట్లయితే తెలుగుదానివే, ఇంగ నాకు మాట్లాడుకునే దానికి మనిషి దొరికింది," అంది. ఆ రోజు నుంచి నేను ఆమెకు అమ్మీని. పేరుతో పిలిచిన గుర్తు లేదు.

2003లో నేను చేరిన మొదటి రోజు మైక్రోస్కోపు ముందు కూర్చోబోతుంటే ఆపింది. "అది తర్వాత. ముందు నోరు మూసుకో," అంది. నేను ఏం మాట్లాడానని అనుకున్నాను. మా లాబ్‌కు ఎదురుగా పళ్ళ డాక్టర్ల క్లినిక్ ఉండేది. అక్కడి నుంచి రోజూ నోటి ముక్కలు వచ్చేవి, అందుకని కొత్తవాళ్ళకు పాఠం నోటితోనే మొదలు. "నాలుకతో చూడు. కింది పెదవి లోపల ఎట్లుండాది?" అని అడిగింది. నున్నగా ఉందన్నాను. "బుగ్గ?" అదీ నున్ననే, కాకపోతే మధ్యలో సన్నని గట్టులా ఏదో తగులుతోందన్నాను. "పళ్ళు రెండు వరసలు కలిసే చోటు అది. అందరికీ ఉంటాది, భయపడొద్దు. అంగిలి?" గరుకు. "చిగురు?" గట్టిగా, కదలకుండా ఉంది. "నాలుక కింద?" అన్నిటికంటే మెత్తగా ఉంది, జారిపోతోంది. "నాలుక మీద?"

నాలుకను అటూ ఇటూ మడిచి ప్రయత్నించి, నవ్వొచ్చి ఓడిపోయాను. "నాలుకతో నాలుకను ఎలా చూస్తాం ఆపా?" అన్నాను.

"అందుకే మైక్రోస్కోపు కొన్నారు," అని అప్పుడు స్టూలు నా వైపు జరిపింది.

కాలేజీలో ఇదంతా చదివాను. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. కానీ నాలుక కొసతో చూసినదాన్నే మైక్రోస్కోపు కింద మళ్ళీ చూడటం వేరు. నమిలే ఒత్తిడి పడే చోట, అంటే చిగురు, గట్టి అంగిలి మీద, పైన కెరటిన్ అనే గట్టి పొర ఉంటుంది. అదే గరుకు. సాగాల్సిన చోట, అంటే పెదవి, బుగ్గ లోపల, ఆ గట్టి పొర ఉండదు. అందుకే నున్నన. నాలుక మీదది మూడో రకం, బొడిపెలతో, రుచి మొగ్గలతో. "ఇల్లు కట్టే మేస్త్రీ వాకిట్లో ఒక రకం బండ, వంటింట్లో ఒక రకం బండ వేయడూ? దేవుడూ అంతే," అనేది ఆపా.

పొరలను కూడా ఆమె కింది నుంచి పైకే చెప్పేది. పుస్తకాలు పైనుంచి చెబుతాయి, అది తప్పని ఆమె వాదన. అడుగున ఒకే వరసలో నిలబడి ఉండే కణాలు తల్లులు. కొత్త కణాలను పుట్టించే పని వాటిదే. పుట్టినవి పుట్టినట్టు పైకి నెట్టబడుతూ పోతాయి. వాటి పైన ఉండేవి ముళ్ళ కణాలు, పల్లేరుకాయల్లా ఒకదాని ముల్లు ఒకదానికి తగిలించుకుని పట్టుకుని ఉంటాయి. అవి అలా పట్టుకోబట్టే మనం జొన్నరొట్టె నమిలినా బుగ్గ చిరగదు. గట్టి చోట్లయితే ఆపైన గింజలు గింజలుగా ఉండే వరస, అన్నిటికన్నా పైన చచ్చిపోయి బల్లపరుపుగా అణిగిన కణాలు. వాటిని మనం ఉమ్ముతో పాటు రోజూ మింగేస్తాం. "నిన్నటి నోటితో ఇయ్యాల ఎవరూ అన్నం తినరమ్మీ," అనేది.

ఈ కణాల మధ్యలో చుట్టాల్లా వచ్చి ఉండేవి కొన్ని. రంగు తయారుచేసేవి, బయటి నుంచి వచ్చే క్రిములను కనిపెట్టేవి, స్పర్శ తెలిపేవి. రంగు కణాల విషయంలో ఒకసారి పెద్ద తమాషా జరిగింది. ఎదుటి క్లినిక్‌లో కొత్తగా చేరిన యూరోపు డాక్టరు ఒకాయన, తమిళ కార్మికుడి నల్లటి చిగురు చూసి హడలిపోయి, ముక్క కోసి అర్జెంటు అని రాసి పంపాడు. ఆపా స్లైడు చూసి, అద్దం ముందుకు నన్ను లాక్కెళ్ళి, తన పెదవి పైకెత్తి తన చిగురు చూపించింది. అదీ నల్లగానే ఉంది. నాది చూపించమంది. నాదీ అంతే. "తెల్లోళ్ళకూ ఈ కణాలు ఇంతే ఉంటాయి. మనవి కాస్త ఎక్కువ కష్టపడతాయి, అంతే తేడా. పాపం, ఆ కూలోడికి ఊరికే ఒక చిగురు తక్కువైంది," అంది.

ఇన్ని చెప్పినా ఆమె మనసంతా ఒక్కచోటే ఉండేది. తల్లి కణాల వరసకు కింద సన్నని గీత ఒకటి ఉంటుంది. ఆ గీతకు పైన కణాలే తప్ప రక్తనాళం ఉండదు. కిందనేమో నారలు, రక్తనాళాలు, నరాలు. ఆ గీత తిన్నగా ఉండదు. పై పొర కిందికి వేళ్ళలా దిగుతుంది, కిందిది ఆ వేళ్ళ సందుల్లోకి ఎక్కుతుంది, గీత వాటి చుట్టూ మలుపులు తిరుగుతూ పోతుంది. గోడకు పూత నిలవాలని మేస్త్రీ ముందుగా గాట్లు పెట్టడం చూశాం కదా, అలాంటి ఏర్పాటు. "పైన కణాలు ఎంత వెర్రి వేషాలైనా వేయనీ, గీత దాటనంత సేపూ అది ఇంటి గొడవ. దాటిందంటే ఊరి గొడవ," అనేది ఆపా. క్యాన్సరా కాదా అన్న ప్రశ్నకు నోటి ముక్క చెప్పే జవాబు చాలామటుకు ఆ గీత దగ్గరే ఉంటుంది.

ఆ గీత కనబడాలంటే ముక్కను నిలబెట్టాలి. ఇది మా పనిలో కీలకం కాబట్టి కాస్త వివరిస్తాను. కోసిన ముక్కను రాత్రంతా మందుల్లో నానబెట్టి, మరునాడు చిన్న ఇనుప అచ్చులో కరిగిన మైనం పోసి అందులో ఉంచి చల్లారుస్తాం. అప్పుడది సబ్బుబిళ్ళలా గట్టిపడుతుంది. దాన్ని యంత్రం మీద వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు వేస్తాం. మైనంలో ముక్క ఎలా ఉంటే కోత అలా వస్తుంది. కింద కెఫెటేరియా నుంచి పరోటా తెప్పించి ఆపా ఈ సంగతి చూపించింది. పరోటాను బల్లకు సమంగా కోస్తే పైపెచ్చు చేతికొస్తుంది. నిలబెట్టి కోస్తే పొరలన్నీ కనిపిస్తాయి. పాఠమయ్యాక పరోటా తినేశాం. నోటి ముక్క కందిబద్దంత ఉంటుంది, పైగా మందులో ముడుచుకుపోతుంది. అందుకని ఆపా వడపోత కాగితాన్ని చిన్న చిన్న చదరాలుగా కత్తిరించి, ఎదుటి క్లినిక్‌కు తానే పంపించేది, కోయగానే ముక్కను దాని మీద పైవైపు పైకుండేలా పరచమని. మైనంలో పెట్టే వేళ భూతద్దంతో పైవైపు ఏదో చూసుకుని, నిలబెట్టి, రిజిస్టరులో ఆ నెంబరు పక్కన ఎవరు పెట్టారో వాళ్ళ పేరు మొదటి అక్షరం రాయాలి. ఇవన్నీ సరిగ్గా చేసినా ఆమె నోటి నుంచి మెచ్చుకోలు వచ్చేది కాదు. బాగా చేస్తే "ఊఁ" అనేది. చాలా బాగా చేస్తే ఏమీ అనేది కాదు.

2005 రంజాన్ నెలలో నేను తప్పు చేశాను. ఉపవాసాల నెల కాబట్టి పని గంటలు తక్కువ, వచ్చే ముక్కలు మాత్రం ఎప్పటంతే. ఇఫ్తార్ వేళ దగ్గరపడితే రోడ్ల మీద బండి కదలదు, అందుకని అందరం తొందరలో ఉండేవాళ్ళం. ఆ మధ్యాహ్నం ఆపా నమాజుకు పక్క గదిలోకి వెళ్ళింది. మిగిలిన మూడు ముక్కలను నేను మైనంలో పెట్టాను. చివరిదానికి కాగితం ఊడిపోయి ఉంది, ముక్క ముడుచుకుని ఉంది. భూతద్దం తీసి చూడాలి. చూడలేదు. నిలబడిందనే అనుకున్నాను, అనుకోవడం సుఖంగా ఉంటుంది. రిజిస్టరులో నా పేరు సుగుణలోని "సు" రాసి బస్సు అందుకున్నాను.

ఆ ముక్క రాజలింగం అనే మనిషిది. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పని. ఇండస్ట్రియల్ ఏరియాలోని క్యాంపులో ఉండేవాడు. ఎడమ బుగ్గలో తంబాకు, సున్నం కలిపి పెట్టుకునే అలవాటు. అక్కడ తెల్లటి మచ్చ వచ్చింది, ఉమ్మితే మంట. మరునాడు నేను కోసి, ఆపా రంగులు వేసి, స్లైడ్లు ఆరుతుండగానే డాక్టర్ నాదియా వచ్చేసింది. ఆమె సూడాన్ దేశస్థురాలు, వారానికి రెండు రోజులు మా లాబ్‌కు వచ్చి స్లైడ్లు చదివి రిపోర్టులు రాసేది. మామూలుగా ప్రతి స్లైడూ డాక్టరు కంటే ముందు ఆపా చూసేది. ఆ రోజు వ్యవధి లేకపోయింది.

డాక్టరు చేత్తో రాసిన కాగితాలు టైపుకు వెళ్ళే ముందు ఆపా బల్ల మీదికి వచ్చేవి. ఒక కాగితం దగ్గర ఆమె ఆగిపోయింది. ఎడమ బుగ్గ, పై పొర కణాలు గుంపులు గుంపులుగా కింది పొరలో కనిపిస్తున్నాయి, క్యాన్సరు. ఆపా స్లైడు తెప్పించి రెండో మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత తల ఎత్తకుండానే, "దీనికి నెత్తి యాడుండాది అమ్మీ?" అని అడిగింది.

వంగి చూశాను. నిజమే, పైపొర ఎక్కడా లేదు. గులాబీ రంగు నారల మధ్య ఊదా కణాల గుంపులు మాత్రం దీవుల్లా ఉన్నాయి. ఆపా సంచిలోంచి దువ్వెన తీసింది. తలకు కట్టుకున్న ఓణీ కొంగును దువ్వెన వెన్ను మీద కప్పి, పళ్ళ కొసలు మాత్రం నా వైపు తిప్పింది. "ఇట్ల చూస్తే ఇవి ఏం?"

"చుక్కలు."

"చుక్కలా, దువ్వెనా?"

అర్థమైంది. ముక్క వెల్లకిలా పడుకుంది. అచ్చు అడుగునున్న వైపే కత్తికి ముందు తగులుతుంది కాబట్టి, కత్తి దాని అడుగు నుంచి మొదలుపెట్టి, కిందికి దిగిన వేళ్ళ కొసలను మాత్రమే తెగ్గోసింది. పైన అన్నీ కలిసే ఉన్నాయో, నిజంగానే విడిపోయి గీత దాటాయో ఆ స్లైడు చెప్పలేదు. డాక్టరు వేళ్ళ కొసలను చూసి క్యాన్సరు అనుకుంది. తప్పు ఆమెది కాదు. ఆపా రిజిస్టరు తెరిచి "సు" మీద వేలు పెట్టింది. తిట్టినా బాగుండుననిపించింది.

"మీరు చెప్పండి ఆపా, మళ్ళీ చేస్తామని," అన్నాను.

"నేనెందుకు చెప్తా? అది నా అక్షరం కాదే."

"ముదీర్‌కు తెలిస్తే నన్ను పంపించేస్తాడు." ఇది ఉత్త భయం కాదు. అంతకు ముందటి ఏడు డబ్బీల మీది చీటీలు తారుమారు చేసిన ఒకతన్ని మా మేనేజరు వారం తిరక్కుండా ఇంటికి పంపేశాడు. మా ఆయన పనిచేసే వర్క్‌షాపు అప్పుడే మూతపడింది. ఆ నెలల్లో మా ఇల్లు నా ఉద్యోగం మీదే నిలబడి ఉంది. నేను చెప్పకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. రాజలింగం బుగ్గ కోసేస్తారు, దవడ కూడా కొంత పోవచ్చు. అంతకు ముందే కంపెనీ అతనికి ఇంటికి టికెట్ చేతిలో పెడుతుంది. ఇంత తెలిసీ డాక్టరు వైపు వెళ్ళలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆపా దువ్వెన సంచిలో పెట్టుకుంది. "నా మాటగా చెప్తే ఆయమ్మ నమ్మతాది, పని జరిగిపోతాది. నువ్వు మాత్రం రేపు ఇంకోదాన్ని పడుకోబెడ్తావు," అంది. "పో. ఉపవాసం నాకు, నీకు కాదు. నీళ్ళు తాగి పో."

నీళ్ళు తాగి వెళ్ళాను. డాక్టర్ నాదియా బ్యాగు సర్దుకుంటోంది. వచ్చీరాని ఇంగ్లీషులో, ముక్కను నేనే తప్పుగా పెట్టానని, చూడకుండా పెట్టానని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, స్లైడు మళ్ళీ పెట్టుకుని, పైపొర కోసం వెతికింది. తర్వాత తాను రాసిన కాగితాన్ని సగానికి మడిచి చింపేసింది. అడగవలసింది తానూ అడగలేదని, రేపు ఉదయం మళ్ళీ వస్తానని అంది. మేనేజరుకు ఆమె చెప్పిందో లేదో నాకు తెలియదు. నన్నెవరూ పిలవలేదు.

మైనం దిమ్మను కరిగిస్తే ముక్క బయటికి వచ్చింది. అడుగు భాగం కొంత కత్తికి పోయింది, మిగిలింది మినపపొట్టుకు కాస్త ఎక్కువ. ఈసారీ పొరపాటు జరిగితే చూడటానికి ఏమీ మిగలదు. ఆపా చేస్తుందని పటకారు ఆమెకు అందించాను. తీసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "పడుకోబెట్టిన చేయే నిలబెట్టాల," అంది. నేను భూతద్దం కింద పెట్టుకుని పైవైపు వెతికాను. తెల్లగా, కాస్త మందంగా, మెరుస్తున్న అంచు కనబడింది. కరిగిన మైనంలో దాన్ని నిలబెట్టి, పటకారుతో పట్టుకుని, చల్లబడే దాకా ఊపిరి బిగపట్టాను. వదిలితే ఒరుగుతుందేమోనని మైనం తెల్లబడ్డాక కూడా వదల్లేదు. "ఇంగ వదులు, అది యాడికీ పోదు," అని ఆపా అంటే అప్పుడు వదిలాను.

మరునాడు స్లైడు ముందు ఆపాయే చూసింది. "ఊఁ" అని లేచి నాకు చోటిచ్చింది. పైన కెరటిన్ దట్టంగా పేరుకుని ఉంది, బుగ్గలో ఉండకూడనంత. దాని కింద ముళ్ళ కణాలు, ఇంకా కింద తల్లి కణాలు. అడుగు వరసల్లో కొన్ని కణాలు వేషం మార్చిన మాట నిజం. వేళ్ళు లావెక్కి కిందికి దిగి ఉన్నాయి. వాటన్నిటి చుట్టూ గీత ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా స్లైడు జరుపుతూ పోయాను. ఎక్కడా తెగలేదు. నేను ఏడ్చాను, అది దాచడం ఎందుకు. ఆపా ముక్కు తుడుచుకోమని వడపోత కాగితం ఒకటి ఇచ్చింది.

రాజలింగం తెలుగువాడని, అతనికి విషయం చెప్పడానికి డాక్టరు ఆపాను తోడు పిలిచింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అతను కుర్చీ అంచున కూర్చుని, "అమ్మా, కంపెనోళ్ళకు చెప్తరా? టికెట్ చేతుల వెడ్తరమ్మా. రూములోళ్ళు నా పని ఖలాస్ అంటున్నరు," అన్నాడు.

"ఖలాస్ ఏం కాలేదు. ఆ మచ్చ ఇంగా లోపలికి దిగలేదు. తంబాకు మానకపోతే దిగుతాది," అంది ఆపా. "ఇప్పుడు నాలుకతో ఆ బుగ్గ చూడు. ఎట్లుండాది?"

అతను నోరు మూసుకుని చూశాడు. "గరుకు గరుకున్నదమ్మా."

"రెండో బుగ్గ?"

"నున్నగ."

"రోజూ పొద్దున లేవంగానే రెండూ చూస్కో. గరుకు పెరిగినా, పుండు పడినా, ఆ రోజే రావాల. లేదంటే మూన్నెల్లకు ఒకసారి రా."

అతను లేచి నమస్కారం పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి, చొక్కా జేబులోంచి తంబాకు పొట్లం తీసి ఎక్కడ పారేయాలో తెలియక నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు మూడు నెలలకోసారి క్లినిక్‌కు వచ్చేవాడు. మచ్చ పలుచబడింది. ఆ రోజు అతను వెళ్ళాక ఆపా కోటు జేబులోంచి తన వక్కల డబ్బీ తీసి చూసుకుంది. రంజాన్ కదా, పగలు ముట్టుకునేది కాదు, అయినా జేబులో ఉండేది. "ఎదుటోళ్ళకు చెప్పేదానికేనా నీతులు?" అని తనలో తాను అనుకుని చెత్తబుట్టలో వేసింది. పండగ తర్వాత మళ్ళీ మొదలుపెడుతుందని మేమంతా ఎగతాళి చేశాం. మళ్ళీ వక్క ముట్టలేదు.

2008 మొదట్లో ఒక ఉదయం మైనంలో పెట్టడానికి నాకు వచ్చిన ముక్కల్లో నాలుక పక్క నుంచి తీసినది ఒకటి ఉంది. మా చేతికి వచ్చే డబ్బీల మీద నెంబరే ఉంటుంది, పేరు ఉండదు. పేరు, వివరాలు ఎక్కించుకునే పని ఆపాది. భూతద్దం కింద పైవైపు చూసుకున్నాను. నిలబెట్టాను. చల్లబడే దాకా పట్టుకున్నాను. "సు" రాశాను. మరునాడు రంగులు వేశాక, డాక్టరు రాకముందు స్లైడు చూశాను. అప్పటికి ముందుగా చూసే పని ఆపా నాకే అప్పగించింది.

గీత తెగింది. ఒకచోట కాదు, మూడు చోట్ల. పై కణాలు గుంపులుగా కిందికి దిగి, కండరం దాకా పోతున్నాయి. అలవాటు ప్రకారం మొదట నన్నే అనుమానించుకుని నెత్తి కోసం వెతికాను. పైపొర ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా ఉంది. వయసు ఎంతో చూద్దామని ఆపా బల్ల మీది పుస్తకం తెరిచాను. ఆ నెంబరుకు ఎదురుగా ఆమె చేతిరాతతో ఆమె పేరే ఉంది.

ఆపా పక్క బల్ల దగ్గర కూర్చుని వడపోత కాగితం చదరాలుగా కత్తిరిస్తోంది. కత్తెర ఆపలేదు. "నిలబడే ఉండాదా అమ్మీ?" అని అడిగింది.

ఆ క్షణంలో నేను కోరుకున్నదేమిటో సూటిగా చెబుతాను. ముక్క పడుకుని ఉండాలని కోరుకున్నాను. మళ్ళీ అదే తప్పు చేసి ఉండాలని, అందరి ముందూ తిట్లు తిని, ఉద్యోగం పోయినా సరే, అది నా తప్పే అయి ఉండాలని కోరుకున్నాను. "మళ్ళీ కరిగించి పెడతాను ఆపా. ఒరిగినట్టుంది," అన్నాను.

ఆమె లేచి వచ్చి, నన్ను పక్కకు జరిపి, స్టూలు మీద కూర్చుంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, స్లైడును ఒక కొస నుంచి ఇంకో కొసకు నెమ్మదిగా జరిపింది. వెనక్కి జరిపింది. ఇంకెవరిదో ముక్క చూస్తున్నట్టే చూసింది. తర్వాత లేచి స్టూలు సర్దింది. "అన్నీ చూసుకునేదాన్ని రోజూ. బుగ్గ, అంగిలి, చిగురు. నాలుకతో నాలుకను ఎట్ల చూస్తాం? మొదటి రోజే అడిగినావు నువ్వు," అని, నా భుజం మీద చెయ్యి వేసింది. "బాగా నిలబెట్టినావు అమ్మీ."

ఐదేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

నెల తిరక్కుండా ఆపా కడప వెళ్ళిపోయింది. అక్కడి నుంచి వేలూరు తీసుకువెళ్ళి నాలుకలో ఎడమ సగం తీసేశారు. తర్వాత ఆరేళ్ళు బతికింది. ఫోనులో మాట సరిగ్గా అర్థమయ్యేది కాదు, ఆమె కూతురు పక్కనుంచి మళ్ళీ చెప్పేది. ఆపా మాత్రం నాకు అర్థమైందా లేదా అని ఎప్పుడూ అడగలేదు. ముక్కలెలా వస్తున్నాయి, కాగితాలు ఎవరు కత్తిరిస్తున్నారు, ఇవే అడిగేది.

నేనిప్పుడు అబూదాబీలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉంటున్నాను. వేరే లాబ్, కొత్త యంత్రాలు. ముక్కను నిలబెట్టే పని మాత్రం ఇంకా చేత్తోనే. పొద్దున లేవగానే నాలుకతో బుగ్గలు, అంగిలి, చిగుళ్ళు చూసుకుంటాను. ఆ తర్వాత అద్దం ముందుకు వెళ్ళి, నాలుక బయటికి చాపి, రెండు పక్కలా కళ్ళతో చూసుకుంటాను. ఇది ఆపా చెప్పని పాఠం. నోటి గాయం తొందరగా మానుతుంది, ఎల్లుండికి నా అంగిలి మామూలైపోతుంది. మైనం దిమ్మలను లాబ్‌లు చాలా ఏళ్ళు దాస్తాయి. పారేయకుండా ఉండి ఉంటే, రోలాలో ఆ రెండో అంతస్తు వెనక గదిలో, ఏదో ఒక సొరుగులో, ఆపా నాలుక ముక్క నేను పెట్టింది పెట్టినట్టే నిలబడి ఉంటుంది.